ఒహాయో కొలంబస్‌లో ఇల్లు కొందామని ఇచ్చిన ఆరు ఆఫర్లు పోయాయి. ఏడోదానికి ఇన్‌స్పెక్షన్ వదులుకోమంటున్నారు, ఏం చేయమంటారు?

ఇల్లువేట614 | 2025 ఏప్రిల్ 13, ఆదివారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. జనవరి నుంచి ఇల్లు వెతుకుతున్నాం. డబ్లిన్, పొవెల్, లూయిస్ సెంటర్ శివార్ల వైపు. బడ్జెట్ 525 వేల డాలర్లు, లాగితే 540. పదిశాతం డౌన్ పేమెంట్. ఇద్దరం హెచ్1 వీసా మీద ఉన్నాం, గ్రీన్‌కార్డ్ దారిలో ఐ-140 అయింది. పాప ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది. అపార్ట్‌మెంట్ లీజు జులై 31తో అయిపోతుంది.

నిన్న డబ్లిన్‌లో ఒక ఇల్లు చూశాం. గురువారం లిస్టింగ్‌లోకి వచ్చింది, శని ఆదివారాలు షోయింగులు, ఈరోజు సాయంత్రం ఆరుకల్లా ఆఫర్లన్నీ ఇచ్చేయాలి. మాకు పావుగంట స్లాట్ దొరికింది. మేం వెళ్ళేసరికి ముందువాళ్ళు ఇంకా బేస్‌మెంట్‌లోనే ఉన్నారు. మేం పైన బెడ్‌రూములు చూస్తుండగానే తర్వాతివాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పుతున్నారు. అక్కడ నీలం రంగు షూ కవర్లు బుట్టలో పెట్టారు కానీ వాటిని ముట్టుకున్నవాళ్ళు తక్కువ. చెప్పుల వరస చూస్తే సగం మనవాళ్ళవే. ఒకాయన హాల్లో నిలబడి ఫోన్‌లో కంపాస్ పెట్టి తూర్పు వెతుకుతున్నాడు. నా చేతిలోనూ అదే ఉంది కాబట్టి ఇద్దరం ఒకరినొకరు చూసి నవ్వుకున్నాం.

మా రియల్టర్ ఏమంటారంటే, ఇన్‌స్పెక్షన్ (నిపుణుడితో ఇల్లు పరీక్ష చేయించుకునే షరతు) వదిలేయండి, 20 వేలు అప్రైజల్ గ్యాప్ రాయండి (బ్యాంకు కట్టించిన విలువ ఆఫర్ కంటే తక్కువ వస్తే 20 వేల దాకా తేడా మేమే కడతామని), అప్పుడే ఛాన్స్ అని. ఇల్లు 2003లో కట్టింది. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పాతదే. నాకు టెన్షన్‌గా ఉంది. మా ఆవిడ "పోనీలే రాసేయి, ఇంకెన్ని వీకెండ్లు తిరుగుతాం" అంటోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు పోరడు | 9:32

వద్దన్నా. ఇరవై రెండేండ్ల ఇల్లు, లోపల ఏముందో తెల్వకుండ అంత పైసలు ఎట్ల పెడతవ్? సెల్‌ఫోన్ కొన్నా రిటర్న్ ఉంటది. నేను అయితే రెంట్‌లనే ఉంటున్న, మంచిగ నిద్ర పడుతుంది.

పొవెల్ పద్మ | 9:50

మేం 2021లో కొన్నాం. అప్పుడూ ఇదే గోల, ఇంకా ఎక్కువే. మాకు తొమ్మిదోది దొరికింది. ఇన్‌స్పెక్షన్ వదులుకునే కొన్నాం, అబద్ధం చెప్పను. దిగిన రెండో నెలలో వాన పడిన రాత్రి కరెంటు పోయింది. బేస్‌మెంట్ కింద చేరే నీళ్ళు తోడే సంప్ పంప్ ఆగిపోయింది. పొద్దున లేచి చూస్తే బేస్‌మెంట్ కార్పెట్ మీద అడుగు వేస్తే చప్‌చప్‌మని చప్పుడు. బ్యాటరీ బ్యాకప్ లేదని మాకు అప్పటిదాకా తెలియదు. అసలు సంప్ పంప్ అనేది ఒకటుంటుందనే మా ఆయనకి తెలియదు. కార్పెట్, డ్రైవాల్ కింది భాగం అన్నీ పీకేయాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ వాటర్ బ్యాకప్ కవరేజీ మీరు తీసుకోలేదు అన్నారు. ఇప్పుడైనా ఎవరికి వాళ్ళు తమ పాలసీలో అది ఉందో లేదో చూసుకోండి.

అయినా మాకు వడ్డీ 2.75. ఆ వరద ఖర్చంతా కలిపినా మేమే లాభంలో ఉన్నాం అంటాడు మా ఆయన. అది మా తెలివి కాదు, ఆ ఏడాది అదృష్టం.

లెక్కలమాస్టారు | 10:25

నేను లోన్ అండర్‌రైటింగ్‌లో, అంటే లోన్ ఇవ్వొచ్చో లేదో చూసే పనిలో ఉన్నాను. పద్మగారు చెప్పిన 2.75 దగ్గరే ఇక్కడి కథంతా ఉంది. 4 లక్షల డాలర్ల లోన్, ముప్పై ఏళ్ళు. 3 శాతానికి అసలూ వడ్డీ కలిపి నెలకి 1,686. అదే 7 శాతానికి 2,661. అదే ఇల్లు, అదే లోన్, నెలకి దాదాపు వెయ్యి తేడా. ఇంకో బెడ్‌రూమ్ కావాలని ఉన్నా ఆ తక్కువ వడ్డీ లోన్‌ని ఎవరు వదిలి వస్తారు? అందుకే మంచి ఇళ్ళు మార్కెట్లోకి రావడం లేదు. ఉద్యోగం మారినవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు, పెద్దవాళ్ళయి చిన్న ఇంటికి మారేవాళ్ళు, వీళ్ళవే వస్తున్నాయి.

ఇక అప్రైజల్ గ్యాప్. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మీరు 525 కి ఆఫర్ ఇచ్చారు, అప్రైజర్ 505 అన్నాడు అనుకోండి. బ్యాంకు 505 లో తొంభై శాతమే ఇస్తుంది, అంటే 454.5. మిగతా 70.5 మీ చేతి నుంచి. మీరు అనుకున్న డౌన్ 52.5. అంటే ఇంకో 18 వేలు నగదు, పైన క్లోజింగ్ (ఇల్లు మన పేరు మీదికి మారే రోజు) ఖర్చులు. ఈ డబ్బు బ్యాంకులో కనపడితేనే ఆ క్లాజు రాయండి. ఇండియా నుంచి తెప్పిద్దాం అనుకుంటే ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు అడుగుతారు, నాన్నగారు పంపినా గిఫ్ట్ లెటర్ కావాలి. క్లోజింగ్‌కి పది రోజుల ముందు ఆ పరుగులు పెట్టకండి.

సీమటపాకాయ | 10:41

అసలు ఈ ఇళ్ళ రేట్లు పెంచేది ఎవరు? మనమే. తూర్పు ముఖం, మంచి స్కూలు, గుడికి పది నిమిషాలు, ఫ్రెండ్స్ ఉన్న కమ్యూనిటీ. అందరికీ అవే నాలుగు సబ్‌డివిజన్లు కావాల. ఊరంతా ఖాళీగా ఉన్నట్టు ఒకే ఇంటి మీద పడతారు, మళ్ళీ వచ్చి ఇక్కడ ఏడుస్తారు. గహానాలో, రేనాల్డ్స్‌బర్గ్‌లో ఇళ్ళు లేవా? బిల్డర్ల దగ్గర చూడండి, తూర్పు ముఖం లాట్‌కి ప్రీమియం అడుగుతాండారు. వాళ్ళకి వాస్తు నేర్పింది కూడా మనమే.

పొవెల్ పద్మ | 10:58

సీమగారూ, మీరుండేది ఎక్కడో చెప్పండి ముందు 😄

సీమటపాకాయ | 11:02

లూయిస్ సెంటర్. తూర్పు ముఖమే. అయితే ఏం?

గోదారి గట్టు | 11:40

నేను 2004లో వచ్చాను ఇక్కడికి. అప్పుడు ఉత్తరాన పొలారిస్ దాటితే మొక్కజొన్న చేలు. ఇండియన్ కిరాణా కొట్టుకి వెళ్తే కొట్టాయన పేరు పెట్టి పిలిచేవాడు. ఇప్పుడు ఆ చేలన్నీ ఇళ్ళు. పొవెల్, లూయిస్ సెంటర్ వైపు ఉన్న ఓలెన్‌టాంజీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పిల్లలు ఎంత వేగంగా పెరిగారంటే నాలుగో హైస్కూలు, బెర్లిన్, 2018లో తెరిచారు. అదీ చాలడం లేదు. బౌండరీలు మారుతూ ఉంటాయి కాబట్టి "ఈ ఇల్లు ఫలానా హైస్కూలు" అని లిస్టింగ్‌లో రాసినదాన్ని నమ్మకుండా డిస్ట్రిక్ట్ వాళ్ళ సైట్‌లో అడ్రస్ కొట్టి చూసుకోండి.

ఇల్లువేట తమ్ముడికి ఒక మాట. డబ్లిన్ స్కూళ్ళు కావాలంటే డబ్లిన్ సిటీలోనే కొనక్కర్లేదు. 1986లో ఇక్కడ విన్-విన్ అని ఒక ఒప్పందం జరిగింది. కొలంబస్ సిటీ చుట్టుపక్కల నేలంతా కలుపుకుంటూ పోతుంటే, ఆ నేలలో పిల్లలు ఏ స్కూలుకి వెళ్ళాలి అనే తగాదా వచ్చింది. దాని పరిష్కారం అది. అందుకే ఇవాళ కొలంబస్ సిటీ ట్యాక్స్ కడుతూ డబ్లిన్ స్కూలుకో, హిలియర్డ్ స్కూలుకో వెళ్ళే ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. సరిగ్గా ఆ అంచు మీద ఉన్న ఇళ్ళు చూడు. పేరు పక్కన డబ్లిన్ లేదని కొంతమంది వాటిని ఫిల్టర్‌లోనే తీసేస్తారు.

ఇంకో వైపు, పొవెల్ అడ్రస్ ఉన్నవన్నీ పొవెల్ సిటీలో ఉండవు, చాలావరకు సిటీ హద్దు బయట టౌన్‌షిప్‌లో ఉంటాయి. టౌన్‌షిప్‌లో ఉంటూ ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి సిటీ ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. కొలంబస్‌లో అయితే రెండున్నర శాతం. లక్ష జీతానికి 2,500. ఆఫీసు కొలంబస్‌లో ఉండి రోజూ వెళ్తే ఎక్కడున్నా అది కట్టాల్సిందే అనుకో.

హిలియర్డ్ హనుమంతు | 12:15

బ్రో, కొత్త ఇల్లు బుక్ చేసుకో, ఈ ఆఫర్ల గోల ఉండదు అని చెప్పేవాళ్ళు వస్తారు ఇప్పుడు. నేను అదే చేశాను. 2022లో ప్లెయిన్ సిటీ వైపు, బిల్డర్ పేరు చెప్పను. తొమ్మిది నెలలన్నారు, పద్నాలుగు అయింది. సరే అది ఓర్చుకున్నాం.

అసలు దెబ్బ ట్యాక్స్. ఒహాయోలో ప్రాపర్టీ ట్యాక్స్ వెనకబడి వస్తుంది, ఈ ఏడాది బిల్లు నిరుటిది. కొత్త ఇంటికి మొదట్లో ఖాళీ జాగా మీద వేసిన ట్యాక్సే కనపడుతుంది. మా లెండర్ ఆ ఖాళీ జాగా బిల్లు చూసి ఎస్క్రో (ట్యాక్స్, ఇన్సూరెన్స్ కోసం నెలనెలా పేమెంట్‌తో కలిపి తీసుకునే డబ్బు) లెక్క కట్టాడు. నెల పేమెంట్ ఎంత ముద్దుగా ఉందో! మా బామ్మర్దికి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పాను. ఏడాదిన్నర తర్వాత ఇంటి మీద పూర్తి బిల్లు వచ్చింది. ఎస్క్రోలో తరుగు, పాతది కట్టాలి, ముందుకి పెంచాలి, రెండూ కలిపి నెలకి 1,100 పెరిగింది. తప్పు కాదట, లెక్క ప్రకారమేనట. క్లోజింగ్ టేబుల్ దగ్గర ఒక్కరూ నోరు విప్పలేదు. బామ్మర్దికి మాత్రం ఇంకా చెప్పలేదు.

లెక్కలమాస్టారు | 12:31

హనుమంతు గారిది నేను వారానికొకటి చూస్తాను. కొత్త ఇల్లు కొనేవాళ్ళు ఆ వీధిలోనే రెండేళ్ళ కిందట కట్టిన ఇంటి ట్యాక్స్ ఎంతో కౌంటీ ఆడిటర్ సైట్‌లో చూసి, ఆ అంకె పట్టుకుని లెక్క వేసుకోండి. అందరికీ కనపడే సమాచారమే అది. పాత ఇళ్ళకి కూడా, ఫ్రాంక్లిన్ కౌంటీలో 2023 రీఅప్రైజల్‌లో ఇళ్ళ విలువలు సగటున 41 శాతం పెంచారు. ఆరేళ్ళకోసారి పూర్తిగా, మధ్యలో మూడేళ్ళకోసారి సవరిస్తారు. విలువ ఎక్కువ వేశారనిపిస్తే జనవరి 1 నుంచి మార్చి 31 లోపల బోర్డ్ ఆఫ్ రివిజన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఈ ఏడాదికి గడువు అయిపోయింది.

ఓరుగల్లు పోరడు | 12:50

అన్నా ఇంటెల్ చిప్పుల ఫ్యాక్టరీ వస్తదని అందరూ ఎగబడి కొన్నరు కదా. ఇప్పుడేమో వెనక్కి జరిపిర్రు. ఇండ్ల రేట్లు పడతయేమో, ఒక రెండేండ్లు ఆగితే?

గోదారి గట్టు | 13:20

2022 జనవరిలో 20 బిలియన్ల ఫ్యాక్టరీ అని ప్రకటించినప్పుడు 2025కే చిప్పులు తయారవుతాయన్నారు. మొన్న ఫిబ్రవరిలో మొదటి ప్లాంటు 2030కి పూర్తవుతుందని చెప్పారు. నిజమే. కానీ అది తూర్పున, లికింగ్ కౌంటీలో, న్యూ ఆల్బనీ పక్కన. మనవాళ్ళు కొట్టుకుంటున్నది వాయవ్యంలో. ఈ పక్క ఇళ్ళు ఇంటెల్ పేరు మీద పెరగలేదు తమ్ముడూ. పొలారిస్‌లో ఛేజ్ బ్యాంకు, డబ్లిన్‌లో కార్డినల్ హెల్త్, మేరీస్‌విల్‌లో హోండా, ఇటు యూనివర్సిటీ, స్టేట్ గవర్నమెంట్, ఇన్సూరెన్స్ కంపెనీలు. ఒకటి పడితే ఇంకొకటి లేస్తుంది. 2020 లెక్కల్లో సిటీ జనాభా 9 లక్షలు దాటింది. 2008 తర్వాత బిల్డర్లు చేతులు ఎత్తేశారు, మళ్ళీ ఆ జోరు అందుకోలేదు. నిరుడు జులైలో సిటీ వాళ్ళు పెద్ద రోడ్ల వెంబడి ఎత్తైన బిల్డింగులకి జోనింగ్ మార్చారు కానీ వచ్చేవి అపార్ట్‌మెంట్లు. నాలుగు బెడ్‌రూముల ఇల్లు, వెనక డెక్, అదేమీ వాటిలో రాదు.

పడవని నేను అనను. నేను 2010లో రేట్లు ఇంకా పడతాయని ఆగి 2013లో ఎక్కువకి కొన్నవాణ్ణి. నా మాట మీద ఎవరూ ఏమీ చేయకండి.

ఇల్లువేట614 | 14:05

అందరికీ థ్యాంక్స్. ఇన్‌స్పెక్షన్ వదలడం లేదు. ఎస్కలేషన్ క్లాజు పెడుతున్నాం, ఎవరెంత ఇచ్చినా వాళ్ళకంటే 2 వేలు ఎక్కువ, 538 దాకా. గ్యాప్ 8 వేలే. చూద్దాం.

ఇల్లువేట614 | ఏప్రిల్ 14, ఉదయం 8:20

పోయింది. 17 ఆఫర్లట. నగదు ఇచ్చినాయన తీసుకున్నాడు. మా ఆవిడ రెండు గంటలుగా మాట్లాడటం లేదు.

పొవెల్ పద్మ | 8:44

అయ్యో. ఇవాళ ఏమీ చూడకండి. జిల్లో యాప్ తీసేయండి ఒక వారం. చెల్లిని, పాపని తీసుకుని ఎటైనా వెళ్ళి రండి.

ఒకటి అడగనా? మీ రియల్టర్ ఆ అమ్మేవాళ్ళు ఎందుకు అమ్ముతున్నారో కనుక్కున్నారా? మా తొమ్మిదోది దొరికింది రేటు వల్ల కాదు. వాళ్ళ కొత్త ఇల్లు తయారవలేదు, నలభై రోజులు అక్కడే ఉండనిస్తాం అన్నాం. మాకంటే ఎక్కువ ఇచ్చినవాళ్ళు ఇద్దరు ఉన్నారని తర్వాత తెలిసింది.

సీమటపాకాయ | 9:15

ఇంకోటి. ఇన్‌స్పెక్టర్‌ని షోయింగ్‌కే వెంటబెట్టుకుపోండి. పావుగంటలో రూఫు, ఫర్నేస్, కరెంటు ప్యానెల్, ఫౌండేషన్ పగుళ్ళు చూసి నోటితో చెప్పేస్తాడు. నాకు 200 తీసుకున్నాడు. పూర్తి ఇన్‌స్పెక్షన్ కాదు, కానీ గుడ్డిగా రాయడం కంటే నయం. తిట్టాను కదా అని సలహా ఇవ్వకుండా ఉంటానా?

లెక్కలమాస్టారు | 9:40

అది మంచిదే కానీ రాడాన్ తెలియదు దాంతో. ఇక్కడి మట్టిలో రాడాన్ వాయువు ఎక్కువ, బేస్‌మెంట్‌లో పోగవుతుంది. కనీసం 48 గంటలు డబ్బా పెట్టి కొలవాలి, కిటికీలు మూసి. లీటరుకి 4 పికోక్యూరీలు దాటితే తగ్గించుకోమంటారు.

అడ్మిన్ | 11:00

ఇద్దరు రియల్టర్లు ఈ థ్రెడ్‌లో తమ నంబర్లు పెట్టారు, తీసేశాను. ప్రకటనలకి వేరే విభాగం ఉంది.

ఓరుగల్లు పోరడు | మే 16

అన్నా ఏమైంది? చప్పుడు లేదు. నాకు కూడా మా ఆఫీసుల ఒకరు, హెచ్1 వాళ్ళకి ఈ నెల 25 తర్వాత ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (గవర్నమెంట్ హామీ ఉండేది) ఇయ్యరని చెప్పిండు. నిజమేనా? నేనూ చూద్దామనుకుంటున్న.

లెక్కలమాస్టారు | మే 16

నిజమే. గ్రీన్‌కార్డ్ లేనివాళ్ళకి ఎఫ్‌హెచ్‌ఏ ఆగిపోతుంది. ఆ హామీ లేని కన్వెన్షనల్ లోన్ మాత్రం ఇస్తారు. మనవాళ్ళు ఎక్కువమంది తీసుకునేది అదే. క్రెడిట్ బాగుంటే 5 శాతం డౌన్‌తో కూడా వస్తుంది. రెంట్‌లోనే మంచిగ నిద్ర పడుతుందన్నారు కదా?

ఓరుగల్లు పోరడు | మే 16

రెంట్ 180 పెంచిర్రు సార్. నిద్ర పోయింది.

ఇల్లువేట614 | మే 27

చప్పుడు లేకపోవడానికి కారణం, భయపడి చెప్పలేదు. దొరికింది!

అడ్రస్ కొలంబస్, స్కూళ్ళు డబ్లిన్. గట్టు అన్నయ్య చెప్పిన అంచు మీదదే. మా ఫిల్టర్‌లో ఇన్నాళ్ళూ అది కనపడనే లేదు. 2001 ఇల్లు, తూర్పు కాదు, ఉత్తరం. ఆఫర్లు తొమ్మిది. మాది రేటులో మూడోదట.

పద్మక్కా, మీరన్నట్టే రియల్టర్‌తో అడిగించాను. ఆ పెద్దాయన, పెద్దావిడ కూతురి దగ్గరికి మారుతున్నారు, జులై రెండో వారం దాకా వెళ్ళలేరు. మిగతావాళ్ళంతా క్లోజింగ్ రోజే తాళాలు అడిగారు. మేం జూన్ 16న క్లోజ్ చేసి జులై 16 దాకా అద్దె లేకుండా ఉండండి అన్నాం. జూన్‌లో క్లోజ్ అయితే మొదటి పేమెంట్ ఆగస్టు 1న కాబట్టి చేతి నుంచి అద్దె, లోను రెండూ ఒకే నెలలో పోవు. ఇన్‌స్పెక్షన్ ఉంచాం. కానీ 5 వేల లోపు రిపేర్లు ఏవీ అడగం అని రాశాం.

ఇన్‌స్పెక్షన్‌లో రాడాన్ 7.2 వచ్చింది. సంప్ పంప్‌కి బ్యాటరీ లేదు. ఫర్నేస్ ఇంటి వయసుదే, ఇంకా ఎన్నాళ్ళో చెప్పలేం అన్నాడు. మేం ఏమీ అడగలేదు. రాడాన్‌ని బయటికి తోసే ఫ్యాన్‌కి 1,200, బ్యాటరీకి 900 పక్కన పెట్టాం. ఫర్నేస్ సంగతి చలికాలం చూద్దాం. అప్రైజల్ సరిగ్గా రేటుకే వచ్చింది, గ్యాప్ అవసరమే పడలేదు.

సీమటపాకాయ | మే 27

ఉత్తరం కూడా మంచిదే. కుబేర స్థానం. కంగ్రాట్స్.

గోదారి గట్టు | మే 27

శుభం తమ్ముడూ. ట్యాక్స్ బిల్లు సంవత్సరానికి రెండుసార్లు వస్తుంది, క్లోజింగ్‌లో అమ్మేవాళ్ళ వాటా నీకు క్రెడిట్ రావాలి. సెటిల్‌మెంట్ కాగితంలో ఆ వరస వెతుకు.

పొవెల్ పద్మ | మే 27

చాలా సంతోషం! కానీ ఒక్క నిమిషం. జులై 16 అంటే ఆషాఢం కదా? జూన్ 26న మొదలవుతుంది ఈసారి.

ఇల్లువేట614 | మే 27

అమ్మ కూడా ఫోన్‌లో మొదట అడిగిన మాట అదే అక్కా. ఇల్లు ఎంతకి కొన్నావని కాదు. శ్రావణం జులై 25న, శుక్రవారం. లీజు 31 దాకా ఉంది, కాబట్టి ఆ ఐదారు రోజుల్లో పాలు పొంగించి సామాన్లు మార్చేయాలి. పంతులుగారిని అడిగాను, ఆ వీకెండ్‌కి ఆయనకి ఇప్పటికే నాలుగు గృహప్రవేశాలు ఉన్నాయట. ఆదివారం తెల్లవారుజాము 4:40 ఒక్కటే ఖాళీ అన్నారు.

హిలియర్డ్ హనుమంతు | మే 27

హోమం మాత్రం గరాజ్‌లో పెట్టించు బ్రో, తలుపు పైకెత్తి. మేం హాల్లో పెట్టాం. స్మోక్ అలారాలన్నీ వైరుతో కలిపి ఉంటాయి, ఒకటి మోగితే ఇల్లంతా మోగుతుంది. తెల్లవారుజాము అయిదింటికి పక్కింటాయన పైజామాలో వచ్చి 911కి ఫోన్ చేయనా అని అడిగాడు.

ఇల్లువేట614 | మే 28

గరాజ్‌లోనే. అమ్మేవాళ్ళ పాత ఫ్రిజ్ ఒకటి అక్కడ వదిలేస్తారట, అది ముందు బయటికి లాగించాలి. 27న ఎవరికైనా పికప్ ట్రక్ ఖాళీగా ఉందా?

ఓరుగల్లు పోరడు | మే 28

మా రూమ్మేట్ దగ్గర ఉంది అన్నా. 26 రాత్రే తీసుకొస్త. ఆ రియల్టర్ నంబర్ జర నాకు మెసేజ్ పెట్టు, ఈడ పెడితే అడ్మిన్ సార్ తీసేస్తడు.